పొద్దుటి గొంతు, సాయంత్రం ముఖం

పులివెందులలో మా అక్క పెద్దకర్మ చూసుకొని ప్రొద్దుటూరుకు తిరిగొచ్చి వారం కావస్తోంది. సాయంత్రం కాగానే మా ఇంటాయన టీవీ పెడతారు. అందులో నలుగురు నాలుగు గళ్లలో కూర్చొని ఒకరి మాట మీద ఒకరు పడి అరుస్తుంటారు, మధ్యలో ఇంకొకతను వాళ్లను అరవవద్దని అంతకంటే గట్టిగా అరుస్తుంటాడు. నేను ఎదురుగా కూర్చొని బెండకాయలు తరుగుతుంటాను గానీ ఒక్క ముక్క కూడా చెవికెక్కదు. తెల్లవారి కాఫీ పెట్టుకుంటూ చూస్తే మళ్లీ అవే గళ్లు, అవే ముఖాలు, అదే అరుపు. నిన్నటిదే మళ్లీ వేస్తున్నారా, లేక ఇవాళ కొత్తగా అరుస్తున్నారా అని మొన్న మా కోడలిని అడిగితే, ఆ పిల్ల నవ్వి, ఏదైతే ఏమత్తా, ఇప్పుడు వార్తలకు పొద్దూ మాపూ లేదు కదా అంది. ఆ పిల్ల మామూలుగా అన్న మాటే అది. నాకు మాత్రం ఆ మాట చెవిలో అట్లాగే ఉండిపోయింది.

అక్క పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. దాచుకోవడం ఎందుకు, వచ్చిన చుట్టాలందరూ చూశారు. రావాలని నేను ప్రయత్నం కూడా చేశాను, చిన్నప్పటి సంగతులన్నీ వరుసగా తలుచుకున్నాను, అయినా ఒళ్లంతా మొద్దుబారినట్టుందే తప్ప కంట్లో చెమ్మ ఊరలేదు. అట్లా మొద్దుబారడం నాకు ఎప్పుడు అలవాటయిందో ఆలోచించుకుంటే, వార్తలకు పొద్దూ మాపూ ఉన్న రోజులే గుర్తుకొస్తున్నాయి.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, కాస్త చిన్నవాళ్లకు చెప్పాలి. ఇరవై నాలుగు గంటల వార్తలు ఇంకా రాని కాలంలో ప్రతి పెద్ద ఊరికీ సొంత కేబుల్ వార్తలు ఉండేవి. ప్రొద్దుటూరులో ఒక కేబుల్ మా ఇంటాయన మేనత్త భర్తది, అంటే మా మామది. బట్టల అంగళ్ల వీధిలో ఒక మిద్దె మీద గది, గోడకు నీలం గుడ్డ, ఒక బల్ల, ఒక కెమెరా, రెండు లైట్లు, అదే స్టూడియో. నేను పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చిన కొత్తల్లో, ఈ పిల్ల కాలేజీలో బాగా చదివేది కదా అని అత్త నన్ను పట్టుకొచ్చి ఆ బల్ల ముందు కూర్చోబెట్టింది. ఫ్యాను తిరిగితే మైకులో గాలి చప్పుడు పడుతుందని ఆపేసేవాళ్లు. మే నెలలో కూడా చెమట తుడుచుకోకుండా చదవాలి. కింద కంసాలి అంగడి ఒకటి ఉండేది, వార్తలు మొదలయ్యే ముందు అత్త మెట్ల మీద నిలబడి, "రవంత సేపు ఆ సుత్తి ఆపప్పా, పిల్ల సదువుతాంది!" అని కేకేసేది. పాపం, ఆయన రోజూ ఆపేవాడు.

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివేదాన్ని. రెండూ ఒకటే పని అనుకొని మొదలుపెట్టాను గానీ, కాదని నెమ్మదిగా తెలిసొచ్చింది. ఉదయం వార్తలు ఆడవాళ్లవి. వాళ్లు టీవీ ముందు కూర్చోరు. టీవీ నట్టింట్లో, వాళ్లు వంటింట్లో. పోపు చిటపటల మధ్య, బిందెల చప్పుడు మధ్య, పిల్లల జడల మధ్య చెవి మాత్రం ఇటు పడేస్తారు. అందుకని ఒక్కో వార్తకూ నడుమ కాస్త వ్యవధి ఇవ్వాలి, ముఖ్యమైన మాట రెండుసార్లు చెప్పాలి. కుళాయి నీళ్లు ఏ వీధికి ఎప్పుడు వదులుతారు, కరెంటు ఎంతసేపు తీస్తారు, ఏ బస్సు రద్దయింది, చివరగా ఊళ్లో ఎవరు పోయారు, ఎప్పుడు తీసుకుపోతారు. సాదా నూలుచీర, చేతికి గాజులు, అంతే. సాయంత్రం వార్తలు మగవాళ్లవి. వాళ్లు టీ హోటళ్లలో, అంగళ్ల అరుగుల మీద, ఇళ్లలో మంచాల మీద, కాలు మీద కాలేసుకొని నన్ను తీరిగ్గా చూస్తారు. నాయకుల మీటింగులు, పోలీసు కేసులు, పత్తి ధర, చీనీకాయల, అంటే బత్తాయిల ధర. గబగబా, తల నిటారుగా పెట్టి, కళ్లు కెమెరాలో పెట్టి చదవాలి. కొంచెం మెల్లగా చదివితే భయపడుతోందంటారు. బట్టల అంగడివాళ్లు ప్రకటన కోసం ఇచ్చిన పట్టుచీర కట్టుకొని కూర్చునేదాన్ని. మర్నాడు ఆ అంగడికి పోయి ఆ చీరే చూపించమని అడిగేవాళ్లు ఉండేవారట, వార్త ఏమిటో మాత్రం ఒక్కరికీ గుర్తుండేది కాదట.

దీంతో ఒక తమాషా జరిగేది. కూరగాయల మార్కెట్టులో నేను గంపల ముందు నోరు తెరిచి ధర అడిగితే, పక్కనున్న ఆడమనిషి గిరుక్కున తిరిగి, "నీ గొంతు రోజూ వింటాండా గానీ, నీ మొగం ఎప్పుడూ చూడలా తల్లీ" అనేది. బస్టాండులో మగవాళ్లు ముఖం చూసి గుర్తుపట్టి దారిచ్చేవాళ్లు గానీ, నేను మాట్లాడితే, అదేందమ్మా గొంతు వేరేగా ఉందే అనేవాళ్లు. ఊళ్లో సగంమందికి నేను గొంతును, సగంమందికి ముఖాన్ని.

చావు వార్తలు ఉదయమే ఎందుకంటే, దానికొక కథ ఉంది. మొదట్లో ఒకరోజు తెలియక సాయంత్రం వార్తల్లో ఒక పెద్దాయన మరణం చదివేశాను. మర్నాడు పొద్దున్నే వీధిలోని ముసలమ్మలు మెట్లెక్కి వచ్చి అత్తను పట్టుకున్నారు. "దీపం పెట్టే యాళకు ఇండ్లలోకి సావు తెస్తారా మీరు?" అని ఒకావిడ చేయి తిప్పుతూ అడిగిన తీరుకు మామ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. అప్పటినుంచి ఎంత గొప్పవాళ్లు పోయినా సరే సాయంత్రం ఆ ఊసెత్తేవాళ్లం కాదు, తెల్లవారిందాకా ఆగేవాళ్లం. మధ్యాహ్నం పోయిన మనిషి సాయంత్రం వార్తల వేళకు మా లెక్కలో ఇంకా బతికే ఉండేవాడు.

మా తీగ ప్రొద్దుటూరు వరకే. జమ్మలమడుగుకు, పులివెందులకు క్యాసెట్టు పోయేది. సాయంత్రం వార్తల క్యాసెట్టు బస్సులో జమ్మలమడుగు చేరి, అక్కడ రాత్రి భోజనాల వేళకు వచ్చేది. పులివెందుల దూరం. చివరి బస్సు కండక్టరుకు ఇచ్చి పంపితే అక్కడివాళ్లు మర్నాడు పొద్దున్నే వేసేవాళ్లు. మొదటి వారం ఏమయిందంటే, నేను పట్టుచీరలో, "శుభ సాయంత్రం" అంటూ పులివెందులలో తెల్లారుజామున ప్రత్యక్షమయ్యాను. పాలు పిండుకునేవాళ్లు, తోటలకు నీళ్లు పెట్టడానికి బయలుదేరేవాళ్లు పడి పడి నవ్వారట. దాంతో మామ పులివెందులకు వేరే క్యాసెట్టు చేయించాడు. సాయంత్రం అయిదింటికే నూలుచీర కట్టుకొని, పొద్దుటి గొంతుతో, అక్కడి తోటలవాళ్ల కోసం చీనీకాయల ధరతో, చావు కబుర్లతో సహా, రేపటి ఉదయాన్ని ముందే చదివి పెట్టాలి. రేపును ఈరోజు అనాలి, ఈరోజును నిన్న అనాలి. మొదట్లో నాలుక తడబడేది, తర్వాత అదీ అలవాటయింది. ఆ క్యాసెట్టు కాగానే చీర మార్చుకొని సాయంత్రంలోకి వచ్చేసేదాన్ని.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు జమ్మలమడుగు. అక్కను ఇచ్చింది కూడా ఆ ఊరి సంబంధమే. కానీ ఒకసారి ఊరి ఎన్నికల్లో మా నాయన ఒక పక్క, అక్క మామగారు ఇంకో పక్క అయ్యారు. మా వైపు అట్లాంటివి మాటలతో పోవు. బావవాళ్లు చీనీతోటలున్న పులివెందులకు కాపురం మార్చేశారు, రెండిళ్లకూ రాకపోకలు నిలిచిపోయాయి. నాయన ఎవరడిగినా తనకు ఒక కూతురు, ఒక కొడుకు అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కూతురిని నేను. అక్క దగ్గరికి పోకూడదని నాతో ప్రమాణం చేయించుకున్నాడు. అమ్మ అడ్డం చెప్పలేదు. అమ్మ దేనికీ అడ్డం చెప్పగలిగేది కాదు.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. నాయన జమ్మలమడుగులో మంచం మీద కూర్చొని, పెరుగన్నం కలుపుకుంటూ, సాయంత్రం వార్తల్లో నన్ను చూసేవాడు. కలిసినప్పుడు మెచ్చుకోలు ఏమీ ఉండేది కాదు, ఆ చీర యాల, సాదాది కట్టుకోగూడదా అనేవాడు. అక్క చూస్తుందో లేదో నాకు చాన్నాళ్లు తెలియదు. ఒకరోజు పులివెందుల కేబుల్ అతను మామకు ఫోను చేసి, నిన్న బస్సు చెడిపోయి క్యాసెట్టు రాకపోతే ఒకామె నేరుగా ఆఫీసుకొచ్చి తగువు పెట్టుకుందని నవ్వుతూ చెప్పాడు. "మా చెల్లెలు ఈ పొద్దు యాల రాలేదు?" అని అడిగిందట. అతను ఏదో పిచ్చి మాట అనుకున్నాడు. మామ ఆ మాట నాతో చెప్పి కిందికి దిగిపోయాడు. నాయనకు నా ముఖం, అక్కకు నా గొంతు. మాటల్లేని రెండిళ్లకూ నేను రోజూ పోతున్నాననిపించి ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆ తర్వాత పులివెందుల క్యాసెట్టు చదివేటప్పుడు వార్తకూ వార్తకూ నడుమ ఇంకొంచెం ఎక్కువ ఆగేదాన్ని, అవతల ఎవరో ఊ కొడుతున్నట్టు.

నాయనకు గుండెనొప్పి వచ్చి ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చారు. ఒక మధ్యాహ్నం భోజనాలయిన వేళకు పోయాడు. ఆసుపత్రి వసారాలోనే చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, అన్నీ నిర్ణయించేశాడు. నా తమ్ముడు బళ్లారి నుంచి రావాలి గనుక శవాన్ని జమ్మలమడుగు ఇంటికి తీసుకుపోయి, మర్నాడు మధ్యాహ్నం ఎత్తాలి. ఎవరెవరికి మనిషిని పంపాలో వేళ్లు మడిచి చెప్పాడు. మా వైపు చావు కబురు మనిషి పోయి గడప ముందు నిలబడి చెప్పాలి. చెప్పకుండా వస్తే పిలవని పేరంటం, చెప్పినా రాకపోతే జన్మకు వైరం. అన్ని ఊళ్లూ అయ్యాయి గానీ పులివెందుల పేరు రాలేదు. అమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. చిన్నాయన ఆ చూపు అర్థం చేసుకొని, "ఆ ఇంటికి మనిషిని పంపేది లేదు వదినా. అన్న ఉన్నప్పుడు లేంది, ఇప్పుడేంది?" అన్నాడు. అమ్మ తల దించుకుంది. అక్కకు తండ్రి కడసారి చూపు దక్కుతుందా లేదా అన్నది ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఇంటికి తాళమేసి బట్టలు తెచ్చుకుంటాను, మీరు బండిలో పోతుండండి, వెనక బస్సులో వస్తానని చెప్పాను. తిన్నగా స్టూడియోకు పోయాను. అప్పటికే కబురు తెలిసిన అత్త నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ, "నువ్వు యాలొచ్చినావు, పో తల్లీ, ఈ పొద్దుకు వార్తలు లేకుంటే ఊరేం మునిగిపోదు" అన్నాడు. పులివెందుల క్యాసెట్టు ఒకటి చదివి పోతానన్నాను. ఆయన లైట్లు వేశాడు. అత్త తనే నా తల దువ్వి, చీర కుచ్చిళ్లు సర్ది, మెట్ల మీదికి పోయింది. ఆ రోజు ఆమె కేక వేయనేలేదు. కంసాలి తానే సుత్తి ఆపేశాడు.

కుళాయిలు చదివాను. కరెంటు చదివాను. చీనీకాయల ధర చదివాను. చివర్న నాయన పేరు చదివి, జమ్మలమడుగు వాస్తవ్యులు, నిన్న మధ్యాహ్నం కాలధర్మం చెందారు అన్నాను. నాయన పోయి ఇంకా మూడు గంటలు కాలేదు, ఆసుపత్రి వాసన నా చీరకు ఇంకా ఉంది, నా నోట్లో మాత్రం ఆయన అప్పటికే నిన్నటి మనిషి అయిపోయాడు. ఆయనకు భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు ఉన్నారు అన్నాను. ఆగాను. ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు, అని రెండోసారి చదివాను. అంత్యక్రియలు ఈరోజు మధ్యాహ్నం జమ్మలమడుగులో జరుగుతాయి, బంధువులందరూ దీన్నే కబురుగా భావించవలసింది. లైట్లు ఆరిపోయాయి. మామ క్యాసెట్టు తీసుకొని చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు పోయాడు. నాకు ఏడుపు రావలసింది ఆ క్షణాన, రాలేదు. లేచి, ముఖం కడుక్కొని, జమ్మలమడుగు బస్సెక్కాను.

మర్నాడు ఉదయమంతా నేను వీధి వైపే చూస్తున్నాను. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా వచ్చే బస్సులు ఒకటి పోయింది, రెండు పోయాయి. తమ్ముడు వచ్చేశాడు. నాయనకు నీళ్లు పోయడానికి కాగులు దించారు. ఆ వేళకు వీధి మలుపులో అక్క కనబడింది. వెనక కొంచెం ఎడంగా బావ. గడప దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడింది. చిన్నాయన ఎదురుపోయి, "ఎవురు చెప్పిరి మీకు?" అన్నాడు.

"టీవీలో చెప్పినారు చిన్నాయనా" అంది అక్క. "ఊరంతా యిన్నారు. ఇద్దురు కూతుర్లని చెప్పినారు."

మనిషిని పంపలేదన్నది నిజమే, కబురు పోయిందన్నదీ నిజమే. టీవీలో వచ్చినదాన్ని కాదనడానికి చిన్నాయనకు నోరు రాలేదు. నా వైపు తిరిగి చూశాడు, నేను నేల చూపు చూస్తున్నాను. ఆఖరికి ఆయనే పక్కకు జరిగి, వాకిట్లో నిలబడిన బావను కూడా, "రా అప్పా, ఎండలో యాల" అన్నాడు. అక్క లోపలికి పోయి నాయన పాదాలు పట్టుకొని ఏడ్చిన ఏడుపు వీధి చివరి వరకు వినబడింది. అమ్మ కూడా అప్పుడే ఏడ్చింది.

అంతా అయిపోయాక, పెరట్లో ఇద్దరమూ కాళ్లు కడుక్కుంటున్నప్పుడు, అక్క చెంబు నా చేతికిస్తూ, "శానా బాగ సదివినావు మే. గొంతు యాడా వణకలా" అంది. అంతే అంది. మెచ్చుకుందో, నిష్ఠూరమాడిందో తెలియలేదు. ముఖం చూద్దామంటే అప్పటికే లోపలికి తిరిగింది. అంత కష్టపడి కబురు పంపినందుకు చేయి పట్టుకుంటుందేమో అనుకున్నాను. తండ్రి చావును చీనీకాయల ధర పక్కన పెట్టి చదివినదాన్ని అన్నట్టు నాకు వినిపించింది. కాదేమో, నిజంగానే మెచ్చుకుందేమో. ఆ తర్వాత రాకపోకలు మొదలయ్యాయి, తమ్ముడి పెళ్లికి వచ్చారు, మా పిల్లల చెవులు కుట్టించడానికి వచ్చారు, చీనీకాయల సీజనులో బుట్ట తప్పకుండా వచ్చేది. ఎన్నోసార్లు పక్కపక్కన పడుకొని కబుర్లు చెప్పుకున్నాం. ఆ మాట ఎందుకన్నావని అడగడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. ఏం చెబుతుందోనని భయం. అడగడానికి ఇంకా చాలా కాలం ఉందనుకోవడం ఒకటి.

తర్వాత పెద్ద చానళ్లు వచ్చాయి, మామ కేబుల్ అమ్మేశాడు, కొన్నాళ్లకు ఆయనా అత్తా ఇద్దరూ పోయారు. ఆ మిద్దె మీద ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. కంసాలి కొడుకు వేరే వ్యాపారం పెట్టుకున్నాడు. కుళాయి నీళ్ల సంగతి ఏ వార్తల్లోనూ రాదు, చావు కబురుకు వేళంటూ లేదు. దీపం పెట్టే వేళకు ఫోను మోగుతుంది, అన్నం కలుపుకుంటుంటే మోగుతుంది, కబురుకు పొద్దూ మాపూ లేదు. ఎవరికోసం ఆగి చెప్పాలి, ఎవరికోసం రెండుసార్లు చెప్పాలి అని చూసేవాళ్లు ఇప్పుడు లేరు, చూడవలసిన పని కూడా లేదేమో. నాకు దాని మీద కోపమేమీ లేదు. కోపం రావాలన్నా లోపల కొంచెం వేడి ఉండాలి కదా.

అక్క కబురు కూడా అట్లాగే వచ్చింది. ఆ పొద్దున పాలు పొంగు దించుతుండగా ఫోను మోగింది, అక్క కొడుకు చుట్టాలందరికీ కలిపి ఒక్కసారే పంపించాడు. అక్క ఫోటో, చుట్టూ పూలు, కింద నాలుగు మాటలు, ఆ కింద వరుసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. నేను చూసేసరికే చాలామంది చేతులు పెట్టేశారు. మా ఇంటాయన ఇంకా లేవలేదు, కోడలు అటు తిరిగి మిక్సీలో పచ్చడి వేస్తోంది. నేను పొయ్యి కట్టేసి, ఫోను ఎదురుగా పట్టుకొని, తల కొంచెం ఎత్తి, పైకి చదివాను. అక్క పేరు. పులివెందుల వాస్తవ్యురాలు. నిన్న రాత్రి కాలధర్మం చెందారు. ఈసారి నిన్న అంటే నిజంగా నిన్నే. ఆమెకు భర్త, ఒక కొడుకు, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉన్నారు. అది ఫోనులో లేదు, నేనే చేర్చుకున్నాను. అవతల ఎవరో పోపు వేసుకుంటూ వింటున్నట్టు ఆగాను. ఒక చెల్లెలు ఉన్నారు, అని రెండోసారి చదివాను. మిక్సీ ఆగింది, కోడలు వెనక్కి తిరిగి ఏమంటున్నావత్తా అని అడిగింది.

గొంతు యాడా వణకలా అక్కా.